పగ్‌కి మత్తు ఇవ్వొచ్చా?

ప్రశ్న: మా ఆడ పగ్ జాతి కుక్కకి నాలుగేళ్లు. పడుకుంటే గురకే గురక. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిద్దామంటే, మత్తులో ఊపిరి ఆగిపోతుందంటున్నారు. నిజమేనా డాక్టరుగారూ?

జవాబు: భయపడటంలో తప్పు లేదమ్మా. కానీ పెద్ద గండం మెలకువ వచ్చేటప్పుడే. గొంతులో ట్యూబు ఉన్నంతసేపూ గాలికి దారి ఉంటుంది. తీశాక, సగం మత్తులో ఉన్న పగ్‌కి పొడవాటి మెత్తటి అంగిలి జారి శ్వాసదారి మూసుకుపోతుంది. అందుకే గుటక వేయగానే తీసేయకూడదు. తనంతట తాను తల ఎత్తి, ట్యూబును నమిలేదాకా ఆగాలి. బోర్లా పడుకోబెట్టి, నాలుక బయటికి లాగి ఉంచాలి. మత్తుకు ముందు 5 నిమిషాలు మాస్కుతో ఆక్సిజన్ ఇవ్వమని, సన్నటి ట్యూబులు రెండుమూడు సైజుల్లో సిద్ధంగా పెట్టుకోమని తప్పకుండా అడగండి. తిండి 6-8 గంటల ముందే ఆపండి. పొద్దున్నే మొదటి ఆపరేషన్‌గా పెట్టించుకుంటే, సాయంత్రం దాకా కనిపెట్టుకుని ఉండేందుకు మనుషులుంటారు.