ట్రైనర్ కంటే ముందు గాలి చూసుకో

కరీంనగర్

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

200 కిలోమీటర్ల బ్రెవేకు, అంటే గడువులోగా ముగించవలసిన దూరపు సైకిల్ ప్రయాణానికి, పేరు ఇచ్చావనీ, రాత్రి డ్యూటీల వల్ల తెల్లవారుజామున రోడ్డెక్కడం కుదరక ఇంట్లోనే ట్రైనర్, అదే సైకిల్‌ను కదలకుండా నిలిపి తొక్కే స్టాండు, పెట్టుకోవాలనుకుంటున్నావనీ అక్క చెప్పింది. పదమూడున్నర గంటల గడువులో ముగించవలసిన ప్రయాణానికి ఇంటి సాధన తప్పకుండా ఉపయోగపడుతుంది. అయితే ఏ ట్రైనర్ కొనాలని నన్ను అడిగావు గాని, ఏ గదిలో పెట్టాలని అడగలేదు. నేనూ మొదట ఇదే పొరపాటు చేశాను. ట్రైనర్ కొన్న నెలకే దాని మీద తువ్వాళ్ళు ఆరేసుకునే స్థితికి వచ్చాను.

కారణం వేడి. మనం తొక్కేటప్పుడు శరీరం ఖర్చు చేసే శక్తిలో సుమారు పావు వంతే పెడల్ దాకా చేరుతుంది, మిగిలినదంతా వేడిగా మారుతుంది. నువ్వు 150 వాట్ల బలంతో తొక్కితే నీ ఒంటి నుండి దాదాపు 500 వాట్ల వేడి వెలువడుతుంది, అంటే గదిలో చిన్న హీటరు వెలిగించుకుని కూర్చున్నట్టే. రోడ్డు మీద గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఎదురుగాలే చెమటను ఆరబెడుతుంది, గదిలో ఆ గాలిని మనమే పుట్టించుకోవాలి. సీలింగ్ ఫ్యాన్‌ను నమ్ముకోవద్దు, వంగి తొక్కేవాడికి అది వీపు మీదనే వీస్తుంది. మంచి పెడెస్టల్ ఫ్యాన్ ఒకటి కొని, మూడు నాలుగు అడుగుల దూరంలో, ఛాతీకి, ముఖానికి తగిలే ఎత్తులో, వీలైతే దాని వెనుక తెరిచిన కిటికీ ఉండేలా పెట్టు. ఇన్వర్టర్‌కు ఇంకేది కలిపినా కలపకపోయినా ఈ ఫ్యాన్ మాత్రం కలిపి ఉండాలి.

కూలర్ ఉంది కదా అంటావేమో. ఏప్రిల్, మే నెలల్లో మన వరంగల్ పొడి ఎండలకు కూలర్ బాగానే పనిచేస్తుంది, కాని కిటికీలు మూసి నడిపితే గదిలో తేమ పెరిగి చెమట ఆరడం మానేస్తుంది. మృగశిర దాటి వానలు మొదలయ్యాక అందులో నీళ్ళు పోయడం ఆపి, ఉత్త ఫ్యాన్‌లా వాడుకో. నీది పై అంతస్తు కాబట్టి మరొక సంగతి. పగలంతా ఎండను తాగిన స్లాబు, పడమటి గోడ రాత్రి పొద్దుపోయేదాకా వేడిని కక్కుతూనే ఉంటాయి. సాయంత్రం డ్యూటీకి పోయేముందు తొక్కడం కంటే, ఉదయం ఇంటికి వచ్చి పడుకుని లేచాక తొక్కడం కంటే, సెలవు రోజుల్లో తెల్లవారి ఐదింటికి తొక్కడం మేలు.

స్థలం ఎక్కువ అక్కరలేదు. సైకిల్ పొడవు ఆరడుగుల లోపే ఉంటుంది. ఏడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, ఎక్కి దిగడానికి ఒక పక్క మరో రెండడుగులు చాలు. షాబాద్ బండలు పరిచిన గది అయితే ట్రైనర్ కాళ్ళు ఎగుడుదిగుడు లేకుండా ఆనుతున్నాయో లేదో చూసుకో. కింది వాటాలో ఉండేవారికి చప్పుడు కంటే అదురు ఎక్కువ బాధ కలిగిస్తుంది. అది స్లాబు నడిమధ్యన ఎక్కువగా, గోడ దగ్గర, దూలం మీద తక్కువగా ఉంటుంది కనుక ట్రైనర్‌ను గోడ వారగా జరిపి, కింద మందపాటి రబ్బరు షీటు వెయ్యి. మీ అమ్మ వరంగల్ కొత్తవాడలో నేసిన శతరంజి (జంపఖానా) పరచమంటుంది, పరచవద్దు. అది చెమటంతా పీల్చి వారానికే కంపు కొడుతుంది, పైగా అంత మంచి నేతను అలా పాడుచేయడం నాకు మనసొప్పదు.

చెమటను చులకనగా చూడకు. అందులోని ఉప్పు హ్యాండిల్ టేపు కిందికి దిగి లోహాన్ని తింటుంది. నా పాత సైకిల్‌కు హ్యాండిల్ తిరిగే చోట ఉండే హెడ్‌సెట్ బేరింగులు తుప్పుపట్టి హ్యాండిల్ తిరగనని మొరాయించేదాకా నాకు తెలియలేదు. హ్యాండిల్ మీద, సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య ఉండే పై గొట్టం (టాప్ ట్యూబ్) మీద తువ్వాలు కప్పి, దిగగానే తడిగుడ్డతో తుడిచి, తర్వాత పొడిగుడ్డతో తుడువు. తొక్కేముందు, తొక్కిన తర్వాత ఒకసారి బరువు చూసుకుంటే, తగ్గిన ప్రతి కిలోకు సుమారు లీటరు నీరు పోయిందని లెక్క. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ చేతికి అందేంత దూరంలో ఉంచుకో. రోడ్డు మీదలాగా సైకిల్ అటూ ఇటూ ఊగదు కాబట్టి సీటు నొప్పి త్వరగా మొదలవుతుంది. పది నిమిషాలకోసారి పెడళ్ళ మీద లేచి నిలబడు.

ఇక ట్రైనర్ మాట. వెనుక చక్రాన్ని రోలర్‌కు ఆనించే రకం చవక, కాని టైరు అరుగుతుంది, గరుకు టైరైతే రొద చేస్తుంది. వెనుక చక్రం తీసి సైకిల్‌ను నేరుగా ట్రైనర్‌కు బిగించే రకం నిశ్శబ్దంగా ఉంటుంది, ధర ఎక్కువ. ఏదైనా సరే, నీ సైకిల్ వెనుక ఇరుసు ఏ రకమో దుకాణదారుకు చూపించకుండా డబ్బు కట్టవద్దు. నట్లతో బిగించిన ఇరుసుకు, చేత్తో మీట తిప్పి విప్పే క్విక్ రిలీజ్‌కు, ఫ్రేములోకి మరలా బిగించే లావు ఇరుసు త్రూ యాక్సిల్‌కు బిగింపు వేరువేరుగా ఉంటుంది. పిల్లలు వచ్చిపోయే ఇల్లు కాబట్టి, తిరిగే చక్రంలోకి, గొలుసులోకి వేళ్ళు పోకుండా తొక్కేటప్పుడు గది తలుపు గడియ పెట్టుకో.

ఈ ఆదివారం గది కొలతలు, కిటికీ ఏ దిక్కున ఉందో, ప్లగ్గు ఎక్కడుందో కాగితం మీద గీసి ఫోటో పంపు. నా దగ్గర రబ్బరు షీట్లు రెండు మిగిలి ఉన్నాయి. సరిపోయేటట్టుంటే వచ్చేవారం బస్సులో వేసి పంపిస్తాను.

ఇట్లు,
మీ మామయ్య