ఉద్యమం కోసం కట్టిన పాట ఆ ఉద్యమం అయిపోయాక నిలుస్తుందా? షియాన్ షింగ్‌హాయ్‌ని వినండి

ఉద్యమం కోసం కట్టిన సంగీతానికి ఆ అవసరం తీరిపోయాక విలువ ఉంటుందా అన్నది ప్రశ్న. ఉంటుంది. పార్టీ పాట అనగానే నాసిరకం అని తీసిపారేసేవాళ్లతో నాకు ఎప్పుడూ గొడవే. వాళ్లలో చాలామంది అలాంటి పాట ఒక్కటైనా చివరిదాకా విని ఉండరు. నేను ఈ మాట చైనా స్వరకర్త షియాన్ షింగ్‌హాయ్‌ని మనసులో పెట్టుకుని చెబుతున్నాను.

నేను ఎంబీబీఎస్ చదివింది కజకిస్తాన్‌లోని అల్మాటీలో. ఆ ఊరి పేరెత్తగానే మనవాళ్లు ఫీజెంత, తిరిగొచ్చాక స్క్రీనింగ్ టెస్ట్ పాసయ్యావా అని తప్ప ఇంకోటి అడగరు. నన్ను పంపిన కన్సల్టెన్సీ వాళ్లు కూడా మెస్సులో అన్నం, సాంబారు దొరుకుతాయని చెప్పారే గానీ ఊరి గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఏళ్ల తరబడి ఒక నగరంలో ఉండి, అక్కడి వీధుల పేర్లు ఎవరివో కూడా తెలుసుకోకుండా డిగ్రీ పట్టుకుని వచ్చేస్తుంటే నాకు బాధేస్తుంది.

మాకు కజక్ భాష నేర్పిన మేడమ్ అలా వదిలేసే మనిషి కాదు. అక్కడ పంతులమ్మని అపాయ్ అంటారు. ఒక శనివారం ఆవిడ మమ్మల్ని బస్సెక్కించి షియాన్ షింగ్‌హాయ్ వీధికి తీసుకెళ్లారు. అక్కడ తామర రేకుల ఆకారంలో ఒక స్మారకం ఉంది. దాని మీద చైనీస్, కజక్, రష్యన్ మూడు భాషల్లోనూ రాశారు. దగ్గర్లోనే బఖిత్‌జాన్ బైకదమోవ్ పేరుతో ఇంకో వీధి. కజక్ బృందగానానికి బాట వేసిన స్వరకర్త ఆయన. అపాయ్ చిన్నప్పుడు బళ్లో ఆయన పాటలే పాడారట. చలిలో నిలబెట్టి ఆవిడ మాకు కథంతా చెప్పారు. యుద్ధం రోజుల్లో ఒక చైనా మనిషి ఈ ఊళ్లో చిక్కుకుపోయాడు. భాష రాదు, డబ్బు లేదు, ఆరోగ్యం బాగాలేదు. పేరడిగితే హువాంగ్ షున్ అనేవాడు. అది మారుపేరు, అసలు మనిషి షియాన్ షింగ్‌హాయే. ఎవరో ఏమిటో తెలియకుండానే బైకదమోవ్ అతనికి ఇంట్లో చోటిచ్చి తిండి పెట్టాడు. చెబుతూ చెబుతూ అపాయ్ బైకదమోవ్ పాట ఒకటి అక్కడే అందుకున్నారు. దారిన పోతున్న ఇద్దరు ముసలమ్మలు ఆగి గొంతు కలిపారు. మా బ్యాచ్‌లో సగంమంది ఫోన్లు చూసుకుంటున్నారు. నేను మాత్రం హాస్టల్‌కి తిరిగొచ్చాక ఆ రాత్రే షియాన్ సంగీతం వెతికి విన్నాను.

ఆయన జీవితం సంగతికొస్తే, 1905లో మకావులో పుట్టాడు. కడుపులో ఉండగానే తండ్రి పోయాడు. తల్లి కూలి పని చేసి సింగపూర్‌లో, గ్వాంగ్‌జౌలో చదివించింది. పారిస్ వెళ్లి, హోటళ్లలో పనిచేసుకుంటూ ఫ్రెంచ్ స్వరకర్త పాల్ డ్యూకా దగ్గర సంగీత రచన నేర్చుకున్నాడు. 1935లో తిరిగొచ్చి సినిమాలకు పాటలు కట్టాడు. అలాగే ఉండిపోతే సుఖంగా బతికేవాడు. జపాన్ దాడి మొదలయ్యాక, 1938 చివర్లో కమ్యూనిస్టుల స్థావరం యెనాన్ చేరి, లూ సున్ కళా అకాడమీలో పాఠాలు చెప్పాడు. చైనావాళ్లకి వైద్యం చెయ్యడానికి మన దేశం నుంచి వెళ్లిన డాక్టర్ కోట్నిస్ బృందం కూడా 1939లో అదే యెనాన్‌కి చేరింది. డాక్టర్‌ని కాబట్టి నాకు ఈ సంగతి గుర్తుండిపోయింది.

కవి గువాంగ్ వెయిరాన్ గుర్రం మీంచి పడి, చెయ్యి విరిగి యెనాన్ ఆస్పత్రిలో చేరాడు. హొయాంగ్‌హో నది దాటినప్పుడు చూసిన పడవవాళ్ల మీద కవిత అల్లి, తను చెబుతూ ఇంకొకరి చేత రాయించాడు. దాన్ని గుహ ఇంట్లో మిత్రుల ముందు చదవగానే షియాన్ లేచి కాగితాలు లాక్కున్నాడు. తీపి కావాలంటే ఓ కిలో పంచదార తెచ్చిపెట్టారు. అది నోట్లో వేసుకుంటూ 1939 మార్చి ఆఖర్లో ఆరు రోజుల్లో 'హొయాంగ్‌హో కాంటాటా' మొత్తం, ఎనిమిది భాగాలు, పూర్తి చేశాడు. కాంటాటా అంటే వాద్యాలతో కలిసి బృందం పాడే పెద్ద రచన. ఏప్రిల్ 13న మొదటిసారి పాడారు.

పారిస్‌లో చదువుకున్న మనిషికి యెనాన్‌లో దొరికిన వాద్యాలు ఏమిటి? మూడో నాలుగో వయొలిన్లు, వేణువులు, చైనా తంతి వాద్యాలు. బేస్ కోసం కిరసనాయిలు డబ్బాకి తీగలు బిగించారు. తాళానికి ఎనామిల్ మగ్గుల్లో చెంచాలు ఆడించారు. ఆయన దీనికి ఏడవలేదు, వాటికి తగ్గట్టే కట్టాడు. స్వరాల్ని ఒకటి నుంచి ఏడు దాకా అంకెల్లో రాశాడు. దాంతో పాశ్చాత్య స్వరలిపి రాని కుర్రాళ్లు కూడా నేర్చుకోగలిగారు. ఏడో భాగంలో ఒక గుంపు ఎత్తుకున్న పాటని కాస్త వెనకగా ఇంకో గుంపు, ఆ వెనక మరో గుంపు అందుకుంటూ ఉంటే, మధ్యలో అర్థం లేని ఊతపదాలు దూకుతుంటాయి. మా ఖమ్మం వైపు బుర్రకథలు వింటూ పెరిగాను గనక, నాకది వంతలు అందుకునే తందానతాన లాగే వినిపించింది. సాధనాలు లేవని వంక చెప్పే మన కళాబృందాలు దీన్ని వినాలి. ఈమధ్య సభల్లో డప్పు ఉన్నా పక్కన పెట్టి, కీబోర్డులో డప్పు చప్పుడు నొక్కుతున్నారు. నాకు ఒళ్లు మండిపోతుంది.

1940లో యెనాన్ సైన్యం మీద తీసిన డాక్యుమెంటరీకి సంగీతం కూర్చమని ఆయన్ని సోవియట్ యూనియన్ పంపారు. అప్పటికి కూతురికి ఏడాది కూడా నిండలేదు. మరుసటేడు హిట్లర్ దాడితో పని ఆగింది. మంగోలియా మీదుగా వెనక్కి రావాలని చూస్తే దారి మూసుకుపోయింది, చివరికి అల్మాటీలో చిక్కుకుపోయాడు. అల్మాటీలో ఉన్నప్పుడే, 1916లో జార్ మీద తిరగబడ్డ కజక్ వీరుడు అమన్‌గెల్దీ మీద ఆర్కెస్ట్రా రచన చేశాడు. తిండి చాలక, ఊపిరితిత్తులు పాడై, 1945 అక్టోబర్ 30న మాస్కోలో చనిపోయాడు. నలభై ఏళ్లు. కూతుర్ని మళ్లీ చూడలేదు. అస్థికలు చైనా చేరింది 1983లో.

ఇప్పుడు ఆయన పేరు వెతికితే ముందు వచ్చేది ఈ కాంటాటాకి పియానో కచేరీ రూపం. అది ఆయన చేసింది కాదు. 1969లో, సాంస్కృతిక విప్లవం నడుస్తుండగా, ఒక కమిటీ తయారు చేసింది. గొంతులన్నీ తీసేసి పియానో పెట్టారు, చివర్లో మావోని కీర్తించే పాట కలిపారు. వాయించేవాళ్ల ప్రతిభకి వంక పెట్టను గానీ, మనుషులు పాడటానికి కట్టినదాంట్లోంచి మనుషుల్నే తీసేస్తే మిగిలేది ఆర్భాటమే. పార్టీ సంగీతం అంటే ఇంతే అనుకునేవాళ్లు చాలామంది దీన్నే విని తీర్పు చెబుతున్నారని నా నమ్మకం.

కాబట్టి బృందగానం రూపమే వినండి. ముందు ఆరో భాగం పెట్టుకోండి. బిడ్డ చచ్చిపోయి, భర్త ఎక్కడో దూరాన ఉన్న ఆడమనిషి ఒక్కతే నది ఒడ్డున పాడుతుంది. గాలిని అరవొద్దంటుంది, నదిని ఏడవొద్దంటుంది. ఈ బాకీ తీర్చమని భర్తని అడిగేది చివర్లో మాత్రమే. దాని వెంటనే, మధ్యలో ఆపకుండా, నేను పైన చెప్పిన ఏడో భాగం వినండి. జనాన్ని ఉసిగొల్పడమే ఆయన పనైతే ఏడోది ఒక్కటే రాసి ఊరుకునేవాడు.