లైవ్‌లో చూపింది ఇక్కత్, ఇంటికొచ్చింది ప్రింటు

ప్రశ్న: ఫోనులో లైవ్ అమ్మకం చూస్తూ ‘అసలైన పోచంపల్లి చేనేత ఇక్కత్ పట్టు’ అంటే నమ్మి, యూపీఐలో రూ. 8,500 పంపాను. వచ్చింది ప్రింటు చీర. వెనక్కి తీసుకోమంటే, ‘పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీయలేదు కాబట్టి వాపసు లేదు. మాది ఇంట్లో నడుపుకునే చిన్న వ్యాపారం, మాకు ఆ చట్టాలు వర్తించవు’ అని చెప్పి నా నంబరు బ్లాక్ చేశారు. ఆ అమ్మకందారు ఉండేది వేరే రాష్ట్రంలో. ఈ మాత్రం సొమ్ముకు కేసు వేయవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: నిరభ్యంతరంగా వేయవచ్చు. అదీ ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవారు నివసించే చోటే ఫిర్యాదు చేసుకోవచ్చు. అమ్మకందారు ఊరికి మీరు తిరగనక్కర్లేదు. చెల్లించిన సొమ్ము రూ. 5 లక్షలు దాటకపోతే ఫిర్యాదు రుసుము కూడా లేదు. గడువు రెండేళ్లు.

‘ఇంటి వ్యాపారం’ అన్న వాదన ఈమధ్య తరచూ వినిపిస్తోంది. 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో ఒక మినహాయింపు ఉన్న మాట నిజమే. అది ఎవరైనా వ్యక్తిగతంగా, వ్యాపారం కాకుండా, ఎప్పుడో ఒక వస్తువు అమ్ముకుంటే వర్తిస్తుంది. రోజూ సాయంత్రం లైవ్ పెట్టి, చీరలకు నంబర్లు వేసి, ‘ముందు డబ్బు పంపినవారికే’ అంటూ అమ్మేవారికి దుకాణానికి బోర్డు లేకపోయినా అది వ్యాపారమే. చూపిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు నిరాకరించకూడదని అవే నిబంధనలు చెబుతున్నాయి. బిల్లు ఇవ్వకపోతే అదీ అక్రమ వ్యాపార పద్ధతి కిందికే వస్తుంది.

పార్శిల్ వీడియో ఉండి తీరాలని ఏ చట్టంలోనూ లేదు. అది అమ్మకందారు తన సౌకర్యం కోసం పెట్టుకున్న షరతు. అలాగని వీడియోకు విలువే లేదనను. ‘ఆమె చీర మార్చి పంపుతోంది’ అని ఎదుటివారు అడ్డం తిరిగితే రుజువు చూపాల్సింది మీరే. అందిన రోజే ఫోటోలు పంపి అభ్యంతరం చెప్పి ఉంటే మీ మాటకు బలం ఉంటుంది.

ఇక ఆ చీరే మీకు పెద్ద సాక్షి. ఇక్కత్‌లో దారాలను ముందే ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేస్తారు. అందుకే డిజైన్ రెండు వైపులా దాదాపు ఒకేలా, అంచులు కాస్త అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. ప్రింటులో గీతలు తీరుగా ఉంటాయి, వెనక వైపు సాధారణంగా వెలిసినట్టుంటుంది. కొంగు ముందూ వెనకా దగ్గర నుంచి ఫోటోలు తీయండి. పరీక్షిస్తే గానీ లోపం తేలదనుకుంటే కమిషన్ సరుకును ప్రయోగశాలకు పంపగలదు.

మిమ్మల్ని బ్లాక్ చేసినంత మాత్రాన మీ ఫోనులోని సంభాషణ పోదు. దాన్ని, యూపీఐ రసీదును, లైవ్ రికార్డింగు ఉంటే దానినీ భద్రపరచండి. పార్శిల్ కవరు పారేయకండి. పంపినవారి చిరునామా తరచూ దానిమీదే దొరుకుతుంది. వీటి ప్రింట్లతో పాటు, ఫోనులోని ఈ రికార్డులు అసలైనవేనని చెప్పే ధ్రువీకరణ పత్రాన్ని భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద జతచేస్తే తర్వాత పేచీ ఉండదు.

ముందుగా 1915కు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. ఆపై సొమ్ము వాపసు కోరుతూ, పదిహేను రోజుల గడువిచ్చి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. కదలిక లేకపోతే వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-జాగృతిలో ఇంటి నుంచే కేసు దాఖలు చేయవచ్చు. న్యాయవాది తప్పనిసరి కాదు. చిరునామా బూటకమని, ఖాతాయే మాయమైందని తేలితే మాత్రం అది మోసం కేసు. ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు చెప్పండి.

ఇదే చీర నిజమైన ఇక్కత్ అయి ఉండి, రంగు నచ్చలేదని మీరు రాసి ఉంటే నా జవాబు వేరుగా ఉండేది. మనసు మారితే వాపసు తీసుకోవాలని చట్టం అమ్మకందారును నిర్బంధించదు. అది వారు ముందే ప్రకటించిన షరతులను బట్టి ఉంటుంది.

కేసు తేలేవరకు ఆ చీరకు ఫాల్ కుట్టించకండి, ఒక్కసారైనా ఉతకకండి.