ప్రియదర్శిని పెట్టె, నల్లి బొక్క, వేలాడే కోడి

ప్రశ్న: మీ శీర్షికను చాలాకాలంగా చదువుతున్నాను. ఏ సినిమా గురించి అడిగినా మీరు కథను పక్కన పెట్టి, అందులోని ఏ పెట్టెనో, గిన్నెనో పట్టుకుని రాస్తారు. సినిమా మంచిచెడ్డలు చెప్పడానికి అది సరిపోతుందంటారా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ అభియోగం నిజమే. నేను విమర్శకుణ్ణి కాను, టిక్కెట్టు కొనుక్కుని చూసే అభిమానిని. చూసిన వారానికి కథలో సగం మరిచిపోతాను గానీ, అందులో ఒక వస్తువు సరిగ్గా పడితే మాత్రం అది ఏళ్ల తరబడి నన్ను వదలదు. 1957 నాటి ‘మాయాబజార్’లోని ప్రియదర్శిని పెట్టెనే తీసుకోండి. మూత తెరిచి చూసినవారికి తమకు అత్యంత ప్రియమైనదేదో అందులో కనిపించడం దాని మహిమ. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు, రేవతికి నగలు కనిపిస్తాయి, బలరాముడికి దుర్యోధనుడు కనిపిస్తాడు. ముందు రాబోయే చిక్కంతా ఆ పెట్టెలోనే ఉంది కదా! తీరా కృష్ణుడి వంతు వచ్చేసరికి శకుని కనిపిస్తాడు. కృష్ణుడికి శకుని ఇష్టుడు కావడమేమిటని చిన్నప్పుడు మా నాన్నగారిని అడిగితే, ఆయన చుట్ట ఆర్పకుండానే నవ్వి, “పెద్దయ్యాక నీకే తెలుస్తుందిలే” అన్నారు. తాను తలపెట్టిన పనికి శకునిని మించి అక్కరకొచ్చేవాడు కృష్ణుడికి మరొకడు లేడని అర్థం కావడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. పాండవులను ఒక్కసారి కూడా తెర మీదికి తీసుకురాకుండా, భారతమంతా ఎటు నడవబోతోందో దర్శకుడు కె.వి. రెడ్డి, రచయిత పింగళి నాగేంద్రరావు కలిసి ఒక పెట్టె మూత కింద చెప్పేశారు. దాని తరవాత నేను కథ గురించి ప్రత్యేకంగా రాయవలసింది ఏముంటుంది?

ప్రశ్న: ఆ ‘మాయాబజార్’నే మా మనవలకు చూపించాలనుకుంటే, నలుపు తెలుపు అనగానే లేచి వెళ్లిపోతున్నారు. రంగులు వేసిన ప్రతి చూపించడం తప్పా? – ఒక తాతయ్య, హైదరాబాద్

జవాబు: తప్పేమీ లేదు, కానీ అక్కడితో ఆపేయకండి. 2010లో రంగుల ప్రతి విడుదలైనప్పుడు నేనూ హాలుకు వెళ్లి చూశాను. ‘వివాహ భోజనంబు’ దగ్గర పిల్లలు కేరింతలు కొట్టారు. లడ్డూలు వాటంతట అవే ఘటోత్కచుడి నోట్లోకి ఎగిరి వెళుతుంటే వాటికి పసుపు రంగు ఉండడం వల్ల నష్టమేమీ లేదని నేనూ ఒప్పుకున్నాను. ‘లాహిరి లాహిరి’ వచ్చేసరికి మాత్రం మనసు చివుక్కుమంది. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే నీటి మీద పరిచిన వెన్నెల నలుపు తెలుపుల కోసమే పుట్టిన వెన్నెల. దానికి నీలం పులిమితే అది పెళ్లిపందిట్లో వేసిన దీపాల వెలుగులా ఉంది. కాబట్టి మనవలకు ముందు రంగుల్లో భోజనం పెట్టండి, తరవాత నలుపు తెలుపుల్లో ‘అహ నా పెళ్లియంట’ పాట చూపించండి. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుణ్ణి సావిత్రి అభినయిస్తుండగా, ఆడగొంతు పోయి ఉన్నట్టుండి ఘంటసాల గొంతు పలికినప్పుడు ఆమె నడకలో, భుజాలు ఎగరేసే తీరులో ఘటోత్కచుడి వేషం వేసిన ఎస్.వి. రంగారావు దిగివస్తాడు. అప్పుడు కూడా వాళ్లు లేచి వెళ్లిపోతే నాకు ఉత్తరం రాయండి.

ప్రశ్న: ‘బలగం’ చూసి అందరూ ఏడ్చారన్నారు. మాకు భాష సగమే అర్థమైంది, ఏడుపు రాలేదు. లోపం మాదా, సినిమాదా? – ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ఎవరిదీ కాదు. 2023లో వేణు ఎల్దండి తీసిన ఆ సినిమాను తెలంగాణ పల్లెల్లో ఆరుబయట తెర కట్టుకుని ఊరంతా కలిసి చూశారు. ఒంటరిగా ఫోనులో చూసినదానికీ దానికీ పోలిక లేదు. మీరు మళ్లీ చూసేటట్లయితే మాటల వెంట కాక నల్లి బొక్క వెంట వెళ్లండి. ఇంటి అల్లుడికీ బావమరిదికీ ఇరవై ఏళ్ల కిందట పగ పుట్టింది పొలం దగ్గరా కాదు, బంగారం దగ్గరా కాదు. విస్తట్లో పడవలసిన ఆ మూలుగ బొక్క దగ్గర. బయటివారికి ఇది నవ్వులాటగా కనిపించవచ్చు గానీ, అల్లుడికి వేసే ముక్కను బట్టి అతని మర్యాదను కొలిచే ఇళ్లు గోదావరి జిల్లాల్లో మాత్రం లేవా? అక్కడ పులసకో, రొయ్యకో వచ్చే అలకే ఇక్కడ బొక్కకు వచ్చింది. చనిపోయిన ఇంటిపెద్ద కొమురయ్యకు పెట్టిన ముద్దను కాకి ముట్టకపోవడం ఊరందరికీ పెద్ద సమస్య అయింది గానీ, నా మట్టుకు ఆ బొక్కే అసలు కథ. చివర బుడగజంగాల పాట కాస్త నిడివి పెరిగిందని కూడా నాకు అనిపించింది. ఈ మాట కరీంనగర్‌లో ఉన్న మా వియ్యంకుడి ముందు అని, ఆ పూట మౌనంగా భోజనం చేసి వచ్చాను.

ప్రశ్న: ‘శంకరాభరణం’ పెట్టగానే మా అబ్బాయి నిద్రపోయాడు. ఈ తరానికి ఆ సినిమా పనికిరాదా? – ఒక తల్లి, డాలస్

జవాబు: నిద్ర పట్టనివ్వండి, జె.వి. సోమయాజులు గంభీరమైన గొంతులో పడుకోవడం కూడా ఒక భాగ్యమే. నా అభిప్రాయం చెబితే పెద్దలకు కోపం రావచ్చు: పాశ్చాత్య బాణీలు వాయించే కుర్రాళ్లను సోమయాజులు వేసిన శంకరశాస్త్రి ఓడించే సన్నివేశం నాకు నచ్చదు, అందులో ఆ కుర్రాళ్లకు గెలిచే అవకాశమే దర్శకుడు ఇవ్వలేదు. శాస్త్రి ఎంత గొప్పవాడో తెలిసి కూడా ముఖాన కడిగి పారేసే స్నేహితుడిగా అల్లు రామలింగయ్య నటించిన ఘట్టాలు దానికంటే ఎంతో మేలు. మీ అబ్బాయికి వాటిని చూపించండి.

ప్రశ్న: ఓటీటీలో తెలుగు సిరీసులు బోలెడు వస్తున్నాయి. ఏది చూడమంటారు? – ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: ‘90స్’ చూడండి. 2024 జనవరిలో వచ్చింది, ఆరే భాగాలు. లెక్కల మాస్టారి ఇంట్లో ఉప్మా పళ్లెం ముందు పిల్లలు ముఖాలు ముడుచుకునే తీరు చూస్తే మా ఇంటి వంటగది తలుపు తెరిచినట్టయింది. ‘దూత’ మాత్రం ఎనిమిది భాగాలు సాగింది. జరగబోయే ఘోరాన్ని ముందే అచ్చులో చూపించే వార్తాపత్రిక ముక్క అనే ఊహ అమోఘమే గానీ, అదే ముక్కను అన్నిసార్లు చేతిలో పెడితే భయం కాస్తా అలవాటుగా మారిపోయింది. ఇద్దరు ముగ్గురు నటులు మారినా, 2001 నుంచి 2007 దాకా టీవీలో వచ్చిన హాస్య ధారావాహిక ‘అమృతం’ను జనం ఎందుకు వదల్లేదో సిరీసులు తీసేవారు ఒకసారి ఆలోచించాలి. ఏ వారం తగువు ఆ వారమే తీరిపోయేది, ఇంటి యజమాని అప్పాజీకి ఇవ్వవలసిన అద్దె మాత్రం ఎప్పటికీ తీరేది కాదు.

ప్రశ్న: జంధ్యాల సినిమాల్లో మీకు గుర్తున్న ఒకే ఒక్క దృశ్యం? – ఒక పాఠకుడు, బళ్లారి

జవాబు: 1987 నాటి ‘అహ నా పెళ్ళంట’లో కోట శ్రీనివాసరావు కోడిని పైనుంచి వేలాడదీసి, దాన్ని చూస్తూ ఒట్టి అన్నం తినే దృశ్యం. నవ్వు కోడి వల్ల పుట్టలేదు, కోడికూరతో కడుపారా తిన్నట్టు ఆయన ముఖంలో కనిపించిన తృప్తి వల్ల పుట్టింది. మా ఇంట్లో కూర చాలని రోజున ఇప్పటికీ ఎవరో ఒకరు తలెత్తి పైకప్పు వైపు చూస్తారు.