అసిటైల్‌థయోకోలిన్ అయోడైడ్ దేనికి?

పురుగుమందు తిన్న పశువు రక్తంలో కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ చూడటానికి ఈ తెల్ల పొడి ఎందుకు వాడతారని అడిగారు.

నరాల చివర విడుదలయ్యే, సంకేతాలు మోసే అసిటైల్‌కోలిన్‌ను విడగొట్టేది ఈ ఎంజైమే. ఆ పని కంటికి కనపడదు. అందుకే అందులో ఒక ఆక్సిజన్ బదులు గంధకం ఉన్న ఈ నకలును, అంటే ఈ తెల్ల పొడిని, రక్త నమూనాలోని ఎంజైమ్‌కు ఇస్తారు. ఎంజైమ్ దీన్నీ విడగొడుతుంది. బయటపడ్డ థయోకోలిన్, ముందే కలిపిన డీటీఎన్‌బీ అనే రసాయనంతో చేరి పసుపు రంగు తెస్తుంది. 412 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతితో కొలిస్తే, ఆ పసుపు ఎంత వేగంగా చిక్కబడితే ఎంజైమ్ అంత చురుగ్గా ఉన్నట్టు. 1961లో ఎల్‌మన్ బృందం ప్రచురించిన పద్ధతి ఇది. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందులు ఈ ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి కాబట్టి ఆ మందు బాగా ఎక్కిన పశువు నమూనాలో పసుపు చాలా నెమ్మదిగా వస్తుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను: ఆవులు, గొర్రెల్లో ఈ ఎంజైమ్ ఎక్కువగా ఎర్ర రక్తకణాల్లోనే ఉంటుంది. సీరం (రక్తకణాలు లేని ద్రవం) ఒక్కటే పంపితే మామూలు పశువుకు కూడా తక్కువే కనిపించి అనవసరమైన టెన్షన్. హిమోగ్లోబిన్ కూడా 412 దగ్గర కాంతిని పీల్చుకుంటుంది కాబట్టి మొత్తం రక్తంతో చేసేవాళ్లు 436 నానోమీటర్లు ఎంచుకుంటారు.

ఈ పొడి ద్రావణం ఎప్పటికప్పుడు తాజాగా కలపండి. నిల్వ ఉంటే ఎంజైమ్ లేకుండానే విడిపోతుంది. పోల్చి చూడటానికి ఎంజైమ్ లేని నమూనా (బ్లాంక్) కూడా తప్పకుండా పెట్టండి.