ముందు పొదిగే పెట్టను చూసుకో

చిరంజీవి చిన్నోడికి పెద్దమ్మ దీవెనలు.

ఏ జాతి కోళ్లు పెంచితే మంచిదని మొన్న ఫోన్లో నువ్వడిగినప్పుడు గ్రైండర్ తిరుగుతోంది. నేను అరిచిందాంట్లో సగమే నీకు వినబడినట్టుంది. అందుకే ఇప్పుడు తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నువ్వు వాట్సాప్‌లో పంపిన నల్ల కోళ్ల ఫొటో చూశాను, అవి కడక్‌నాథ్ కోళ్లు. ఆ యాభై పిల్లలకి అడ్వాన్సు ఇంకా కట్టలేదుగా? కట్టకు. కాస్త ఆగు.

కోడలు పిల్ల నాతో "ఇంట్లో తినడానికి మంచి గుడ్లుంటే చాలు అత్తయ్యా" అంది. నువ్వేమో ఆదాయం అంటున్నావు. ముందు మీ ఇద్దరి మాటా ఒకటి కానివ్వు. షాద్‌నగర్ దగ్గర ఆ పదిహేను గుంటల స్థలంలో రాత్రిపూట ఎవరు పడుకుంటారో కూడా తేల్చుకో. గుడ్లకైతే ఒక జాతి, కూరకైతే ఒక జాతి. ఆదివారం మాత్రమే వెళ్లి చూసొచ్చే కోళ్లకి పనికొచ్చే జాతి మాత్రం ఎక్కడా లేదు.

కడక్‌నాథ్ చెడ్డదని నేననను. మధ్యప్రదేశ్‌లో ఝాబువా వైపు గిరిజనులు తరతరాలుగా పెంచుకుంటున్న కోడి అది. 2018లో ఆ ప్రాంతం పేరు మీద భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఈక, చర్మం, నాలుక, మాంసం అంతా నలుపే. ఎండకి బాగా ఓర్చుకుంటుంది. కానీ ఎదగడం చాలా నిదానం. అయిదారు నెలలు మేపితే కిలోన్నర దగ్గర ఆగుతుంది. ఏడాదికి పెట్టే గుడ్లు ఇంచుమించు నూరు. పొదగమంటే కూర్చోదు. గుడ్డు కూడా నల్లగా ఉంటుందని చెప్పి అమ్మేవాళ్లున్నారు, నమ్మకు. మామూలు లేత గోధుమరంగు గుడ్డే.

మీ పెదనాన్న ఉన్న రోజుల్లో మేమూ ఆ మోజులో పడ్డాం. ఒకాయన ఇంటికొచ్చి, పిల్లలు మేమే ఇస్తాం, పెరిగాక కిలో లెక్కన మేమే కొంటాం అని కాగితాల మీద సంతకాలు కూడా పెట్టించుకున్నాడు. ఆరు నెలలు గడిచాక ఫోన్ ఎత్తినవాడు లేడు. ఊళ్లో అమ్ముదామంటే, ముక్క చూసి "కూర మాడిపోయిందేంటి పిన్నీ" అని వెనక్కి నెట్టారు. చివరికి నాటు కోడి ధరకంటే తక్కువకి వదిలించుకున్నాం. కొనేవాడు ముందే ఉంటే కడక్‌నాథ్ పెంచు. కొంటానని మాటిచ్చినవాడు ఉంటే సరిపోదు.

ఇక నాకిష్టమైన కోడి ఏదంటావా? ఇన్నేళ్లలో నా దొడ్లో రకరకాలు తిరిగాయి. ఎన్ని తిరిగినా నేను చెయ్యి వదలనిది అసిల్ రక్తం కలిసిన నాటు పెట్ట. అసిల్ మన నేల కోడి. పొడుగు మెడ, నిటారు నడక, తురాయి చిన్నది, ఒళ్లు గట్టిది. పుంజు నాలుగైదు కిలోలు తూగుతుంది. డేగ, కాకి, నెమలి, పర్ల అని రంగుని బట్టి పేర్లు పెట్టి మనవాళ్లు మురిసిపోతారు. అచ్చమైన అసిల్‌ని మాత్రం నువ్వు తేకు. పిల్లలప్పుడే ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. పుంజుల్ని విడివిడిగా కట్టేసి మేపాలి. పెట్ట బరువుకి గుడ్లు చితికిపోతాయి కూడా. సంక్రాంతికి పుంజు వేలకి వేలు పలుకుతుందని నీ స్నేహితుడెవరో చెప్పాడట. బరిలోకి దింపే కోడి వ్యాపారం మనకొద్దు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం అది నేరం. నేరం కాకపోయినా నా ఇంటి పిల్లాడు కత్తి కట్టే పుంజుని మేపడం నాకిష్టం లేదు.

అదే అసిల్ కాస్త కలిసిన ఊరి పెట్టయితే సరిగ్గా సరిపోతుంది. బరువు తక్కువ, తల్లితనం ఎక్కువ. ఏడాదికి 50, 60 గుడ్లే పెడుతుంది, అవీ చిన్నవి. లెక్క వేసుకునేవాళ్లకి అది దండగ కోడిలా కనిపిస్తుంది. కానీ ఒకసారి దాని పని చూడు. పదిహేను గుడ్లు పెట్టాక ఒకరోజు గూట్లోంచి లేవదు. దగ్గరికెళితే ఈకలన్నీ నిక్కబొడుచుకుని గొంతులోంచి గుర్రుమంటుంది. పొట్ట కింద చెయ్యి పెడితే వేడిగా తగులుతుంది, ఈకలూడి చర్మం నేరుగా గుడ్డుకి ఆనుకుని ఉంటుంది. రోజుకోసారి దిగి, గబగబా నాలుగు గింజలు తిని, నీళ్లు తాగి, రెట్ట వేసి పది నిమిషాల్లో మళ్లీ ఎక్కేస్తుంది. 21 రోజులు ఇదే వరస. ఈ పనంతా చేసేందుకు మిషన్ కొన్నావనుకో, కరెంటు పోయిన రాత్రి నువ్వు కూర్చుని పొదగాలి.

పిల్లలు లేచాక ఇంకా గొప్ప. పోయిన ఏడాది మా బూడిద పెట్ట వంటింటి వెనక తొమ్మిది పిల్లల్ని తిప్పుతోంది. గద్ద నీడ నేల మీద పడిందో లేదో, ఒక్క కూత వేసింది. తొమ్మిదీ గడ్డివాము కిందకి దూరాయి. అది మాత్రం రెక్కలు పరిచి బయటే నిలబడింది. గద్ద కాళ్లకి దాని ఈకలే దొరికాయి. హేచరీ కోడికి ఈ విద్య రాదు, దాని తప్పు కాదు. పొదిగే గుణం ఉంటే గుడ్లు ఆపేస్తుందని తరాల పాటు ఏరి ఏరి ఆ గుణాన్ని తీసేశారు.

అలాగని హేచరీ కోడి వద్దనను. మీకు అక్కడ ఒక సుళువుంది. రాజేంద్రనగర్‌లో కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ ఉంది, 1988లో పెట్టారు. పెరటి పెంపకం కోసమే వాళ్లు వనరాజా, గ్రామప్రియ అని రెండు రకాలు తీశారు. రెండూ రంగురంగుల ఈకలతో మన నాటు కోళ్లలాగే ఉంటాయి. వనరాజా మాంసానికీ గుడ్లకీ రెండింటికీ. బాగా బరువెక్కుతుంది, గుడ్లు ఏడాదికి నూరు, నూటపది. జాలిపడి ఎక్కువ మేత పెట్టావంటే మాత్రం కొవ్వెక్కి గుడ్లు తగ్గిస్తుంది, కుక్క తరిమితే పరిగెత్తలేదు. గ్రామప్రియ గుడ్ల కోడి. పెరట్లో తిరిగి తిన్నా 160 నుంచి 180 దాకా పెడుతుంది, గుడ్డు గోధుమరంగులో పెద్దగా ఉంటుంది. కోడలు పిల్ల కోరిక తీర్చేది ఇదే. పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ల రాజశ్రీ కూడా ఇలాంటిదే, ఏది దొరికితే అది తెచ్చుకో. ఒకటి గుర్తుంచుకో, ఈ కోళ్ల గుడ్లని మళ్లీ పొదిగించి అదే దిగుబడి రావాలంటే రాదు. ప్రతిసారీ కొత్త పిల్లల్ని తెచ్చుకోవాల్సిందే.

ఇంతకీ నేను నీ చోట ఉంటే ఏం చేస్తానంటే, ముందు మూడు నాటు పెట్టలు, ఒక పుంజు తెచ్చి రెండు నెలలు దొడ్డికి అలవాటు చేస్తాను. ఒక పెట్ట పొదగడానికి కూర్చుందని చూసి, రెండు వారాలు ఉత్త గుడ్ల మీదే కూర్చోబెట్టి, ఆ లెక్కకి అందేలా ఒక్కరోజు వయసున్న గ్రామప్రియ పిల్లల్ని పదిహేను చెప్పించుకుంటాను. చీకటి పడ్డాక, దీపం వెయ్యకుండా, గుడ్లు ఒక్కొక్కటీ తీస్తూ పిల్లల్ని ఒక్కొక్కటీ దాని రెక్క కిందికి తోస్తాను. తెల్లారేసరికి అవి దాని పిల్లలే. పిల్లలకి వెచ్చదనం కోసం బల్బు పెట్టే టెన్షన్ లేదు, గద్ద టెన్షన్ లేదు. ఒక్కరోజు పిల్లల్లో పుంజేదో పెట్టేదో మనకి తెలియదు కాబట్టి సగం పుంజులే అనుకో. అవి పండక్కి కూరవుతాయి. పెట్టలు ఆరో నెలకి గుడ్లకొస్తాయి. ఉత్తి గుడ్లకైతే పుంజు అక్కర్లేదని కూడా తెలుసుకో, నీ పక్కింటివాళ్లు తెల్లారుజాము కూతకి గొడవ పెట్టుకునే రకమైతే పనికొస్తుంది.

ఎండాకాలం పెట్టను పొదగనివ్వకు, గుడ్లు మురిగిపోతాయి. దసరా దాటాక మొదలుపెడితే ఎండలు ముదిరేసరికి పిల్లలు గట్టిపడతాయి.

మేత సంగతి పెద్దగా చెప్పక్కర్లేదు. నూకలు, జొన్నలు, తవుడు, ఇంట్లో కూరగాయల తొక్కలు. పాత కుండలో తడిపిన గడ్డీ పేడా కూరి సాయంత్రం చెదలున్న చోట బోర్లించు, పొద్దున్నే ఎత్తితే గుత్తులు గుత్తులుగా చెదలు. అంతకు మించిన విందు కోడికి లేదు.

టీకాల దగ్గర మాత్రం బద్ధకించకు. కొక్కెర తెగులు ఒకసారి దొడ్లోకి వచ్చిందంటే వనరాజా, నాటు, అసిల్ అన్న తేడా చూడదు. మెడలు మెలికలు తిరిగి, పచ్చటి రెట్టలతో వారం తిరిగేలోపు గూడు ఖాళీ అవుతుంది. ఏడో రోజు లోపు లసోటా అనే కొక్కెర తెగులు టీకా చుక్క కంట్లో, పధ్నాలుగో రోజు గంబోరో అనే ఇంకో తెగులు టీకా, నెలకి మళ్లీ లసోటా, ఎనిమిది వారాలు నిండాక రెక్క కింద కొక్కెర తెగులు సూది. మందు ఐస్ పెట్టెలోనే తేవాలి, కలిపిన గంట రెండు గంటల్లో వాడెయ్యాలి. చిన్న సీసాలో కూడా మామూలుగా వంద కోళ్లకి సరిపడా ఉంటుంది. నీ పదిహేనుకే ఎందుకు, చుట్టుపక్కల కోళ్లున్నవాళ్లందరినీ అదే పొద్దున పిలిచి వేయించు. వాళ్ల కోళ్లు బాగుంటేనే నీవి బాగుంటాయి.

గూడు తలుపు గడియ ఇనుపది పెట్టించు. ముంగిసకి తాడు ముడి ఒక లెక్క కాదు, ఆ పాఠానికి నాకు ఏడు పెట్టలు ఖర్చయ్యాయి.

ఆ బూడిద పెట్ట మళ్లీ గూడెక్కింది. పోయిన ఆదివారం రాత్రి దాని కింద పదకొండు గుడ్లు పెట్టాను. సరిగ్గా మూడు వారాలకి, ఆదివారమే పిల్లలు లేస్తాయి. ఆ పూట కోడల్ని, బుడ్డదాన్ని తీసుకుని రా. పెంకు పగిలే చప్పుడు దాని చెవి దగ్గర పెట్టి వినిపిస్తాను. పిల్లల్ని మాత్రం అప్పుడే ఇవ్వను. నెల టీకా పడ్డాక తల్లితో సహా ఇస్తాను, గంప నువ్వే తెచ్చుకో. మా గంప పోయినసారి మీ అక్క తీసుకెళ్లింది, ఇంకా తేలేదు.

ఇట్లు,
మీ పెద్దమ్మ