ట్యూబుకి లోపలి వైపు చిల్లు పడుతుంటే ముందు రిమ్ టేపు చూడండి

మీరు అడిగింది ఇదీ: హైబ్రిడ్ సైకిల్, 700×35 టైరు, నెలలో వెనక చక్రం నాలుగుసార్లు పంక్చరైంది, టైరంతా తడిమినా ముల్లు గానీ మేకు గానీ దొరకలేదు, షాపులో రిమ్ టేపు (రిమ్ములో ట్యూబు కింద చుట్టూ వేసే పట్టీ) మార్చమన్నారు, ఏది కొనాలి, ఇంట్లో నేనే వేసుకోవచ్చా అని. వేసుకోవచ్చండి, అరగంట పని. కానీ కొనేముందు చిల్లు ట్యూబుకి ఏ వైపున పడుతోందో చూడండి.

ఈ సంగతి నాకు రెండేళ్ల కిందట తెలిసొచ్చింది. మేం విజయవాడ కృష్ణలంకలో ఉంటాం, పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి కరకట్ట మీద తొక్కుతాను. ఆ వైపు సర్కారుతుమ్మ ముళ్లు మామూలే, అందుకని పంక్చరైనప్పుడల్లా ముల్లే అనుకుని ప్యాచ్ వేయించుకుని వచ్చేసేవాణ్ణి. ఏప్రిల్‌లో ఒకరోజు ఆఫీసు బయట ఎండలో పెట్టిన సైకిల్‌కి, ఎవరూ ముట్టుకోకుండానే, బుస్సుమని గాలంతా పోయింది. తోసుకుంటూ తీసుకెళ్తే పంక్చర్ షాపు పెద్దాయన ట్యూబు బయటికి లాగి, కాస్త గాలి కొట్టి, నీళ్లలో ముంచకుండానే నా చేతిలో పెట్టి, "చిల్లు ఏ పక్కనుందో చూడబ్బాయ్, రోడ్డు మీద ముల్లు రిమ్ము పక్కకి ఎట్లా వస్తుంది?" అన్నాడు.

చూస్తే వాల్వు ఉండే వైపు వరసగా గుండ్రటి అచ్చులు, ఆరు సెంటీమీటర్లకొకటి, ఒక్కోటి చిటికెన వేలి గోరంత. ప్రతి అచ్చులోనూ రబ్బరు బొబ్బలా సాగి పాలిపోయింది, ఒకదాని అంచున మాత్రం చంద్రవంకలా చిన్న చీలిక. నా రిమ్ము చుట్టుకొలత దాదాపు 195 సెంటీమీటర్లు, స్పోకులు 32, అంటే ఆ అచ్చులు సరిగ్గా స్పోక్ రంధ్రాల దగ్గరే పడ్డాయి. మీ ట్యూబు మీద కూడా ఇలాంటి అచ్చులుంటే జబ్బు దొరికినట్టే. చిల్లు రోడ్డు వైపునుంటే టైరులో ఇంకా ఏదో గుచ్చుకుని ఉంది, వాల్వుని గుర్తుగా పెట్టుకుని ట్యూబుని టైరు పక్కన పరిస్తే ఏ చోట వెతకాలో తెలుస్తుంది. పాముకాటులా పక్కపక్కన రెండు చీలికలుంటే గాలి తక్కువై గుంతలో రిమ్ము ట్యూబుని నొక్కేసిందని అర్థం. ఈ రెండింటికీ టేపు మార్చినా ఉపయోగం లేదు.

అసలు టేపు చేసే పనేమిటంటే, డబుల్ వాల్ రిమ్ముల్లో, అంటే ఒకదానిమీదొకటి రెండు గోడలుండే వాటిల్లో, స్పోక్ నిపుల్ (స్పోకు కొసకి బిగించే చిన్న నట్టు) దూరడానికి ట్యూబు వైపు గోడకి పెద్ద రంధ్రాలుంటాయి, వాటిమీద ట్యూబు ఆనకుండా అడ్డు నిలవడం. 80 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా గాలి కొడితే 9 మిల్లీమీటర్ల రంధ్రం ఒక్కోదాని మీద మూడున్నర కిలోల బరువు నొక్కుతున్నట్టు లెక్క. నా సైకిల్‌కి ఉన్నది సాగే రబ్బరు పట్టీ. మా నాన్నగారి 28 అంగుళాల పాత సైకిల్‌కి అదే పట్టీ ఏళ్ల తరబడి బాగానే పనిచేసింది, ఎందుకంటే అది సింగిల్ వాల్ రిమ్ము, పెద్ద రంధ్రాలుండవు, నిపుల్ తలల్ని కప్పితే చాలు, పైగా గాలి కూడా తక్కువే. అదే పట్టీని డబుల్ వాల్ రిమ్ముకి వేసి గాలి గట్టిగా కొడితే పట్టీ, ట్యూబు రెండూ కలిసి రంధ్రంలోకి సాగుతాయి. దానికితోడు మన ఎండ. పొద్దున 28 డిగ్రీల్లో 80 కొట్టిన టైరు, మధ్యాహ్నం ఎండలో 60 డిగ్రీలకి వేడెక్కితే లోపల 90 దాకా వెళ్తుంది. నాది నిలబడిన చోటే పోవడానికి కారణం అదే.

ఏది కొనాలంటే, మీ సైకిల్‌కి నేనైతే గుడ్డ టేపే చెబుతాను. నూలుతో నేసి, వెనక జిగురు ఉంటుంది, సాగదు. ఫ్రాన్స్ వాళ్ల వెలాక్స్ ఈ రకంలో బాగా పేరున్నది. గట్టి ప్లాస్టిక్ పట్టీలు కూడా మంచివే, ష్వాల్బే వాళ్ల నీలం పట్టీ లాంటివి, కాకపోతే అవి రిమ్ము సైజుకి, వెడల్పుకి సరిగ్గా సరిపోయేది తెచ్చుకోవాలి. ట్యూబ్‌లెస్ టేపు సంగతి వేరు, అది గాలి కూడా ఆపాలి కాబట్టి రిమ్ము లోపలి వెడల్పుకన్నా కాస్త ఎక్కువ వెడల్పుది వేస్తారు, ట్యూబు వాడుతున్న మీకు దాని అవసరం లేదు.

బ్రాండు కన్నా వెడల్పు ముఖ్యం. రిమ్ము మీద 622×19 లాంటి అంకె ఉంటే రెండోది లోపలి వెడల్పు మిల్లీమీటర్లలో. అంకె చెరిగిపోతే టైరు తీసి రిమ్ము రెండు పక్క గోడల మధ్య స్కేలు పెట్టి కొలవండి. దానికి రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువ ఉన్న టేపు తీసుకోండి, 19కి 16 సరిపోతుంది. ఇరుకైతే పక్కకి జరిగి రంధ్రం అంచు బయటపడుతుంది, మరీ వెడల్పైతే గోడల మీదికెక్కి టైరు అంచు సరిగా కూర్చోదు, తిప్పి చూస్తే చక్రం ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది.

దయచేసి ఎలక్ట్రికల్ టేపు మాత్రం చుట్టొద్దు. గవర్నర్‌పేటలో ఆ రోజు గుడ్డ టేపు దొరక్క నేను అదే రెండు చుట్లు చుట్టాను. మే నెల ఎండకి జిగురు కరిగి, టేపు ఒక పక్కకి జారి ముడతలు పడి, నాలుగు రంధ్రాలు మళ్లీ తెరుచుకున్నాయి. ఆ జిగురు వదిలించడానికి పెట్రోలు గుడ్డతో గంటసేపు తుడవాల్సి వచ్చింది.

వేసేటప్పుడు తొందరపడాల్సిన పని లేదు. పాత పట్టీ తీసేశాక ప్రతి రంధ్రం అంచుని వేలితో మెల్లగా తడమండి, లోహపు గీరు తగిలితే ఉప్పుకాగితంతో రుద్దండి. సింగిల్ వాల్ అయితే నిపుల్ దాటి పైకొచ్చిన స్పోకు మొన ఉందేమో చూసి ఆకురాయితో అరగదీయాలి, లేకపోతే ఎంత మంచి టేపైనా అది పొడిచేస్తుంది. తర్వాత స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో గాడి మొత్తం తుడిచి బాగా ఆరనివ్వండి. నేను మొదట్లో ఈ తుడవడాన్ని పెద్దగా పట్టించుకోలేదు, అందుకే వారానికే కొస లేచింది.

వెలాక్స్ లాంటి దానికి వాల్వు రంధ్రం ముందే ఉంటుంది, దాన్ని రిమ్ము రంధ్రంతో కలిపి, జారకుండా ఒక సన్న స్క్రూడ్రైవర్ గుచ్చి ఉంచి, అక్కణ్ణుంచి మొదలుపెట్టండి. ఒక చేత్తో గట్టిగా లాగుతూ రెండో చేతి బొటనవేలితో గాడి మధ్యలో నొక్కుకుంటూ రావాలి, ప్రతి రంధ్రం దగ్గర ఆగి రెండు పక్కలా టేపు సమానంగా ఉందో చూసుకోవాలి. వంకర పోతే నాలుగైదు రంధ్రాలు వెనక్కి ఊడదీసి మళ్లీ వేయండి, సర్దుకుంటుందిలే అని వదిలేయొద్దు, గాలి ఎక్కాక అది ఇంకా జరుగుతుంది. రంధ్రం లేని టేపైతే వాల్వుకి ఎదురుగా మొదలుపెట్టి, చివర ఏడెనిమిది సెంటీమీటర్లు ఒకదానిమీదొకటి వచ్చేలా అతికించి, వాల్వు చోట కాల్చిన మేకుతో రంధ్రం చేయండి. కత్తెరతో కోస్తే పోగులు లేస్తాయి.

రిమ్ముకి లావు వాల్వు రంధ్రం ఉండి మీరు సన్న వాల్వు ట్యూబు వాడుతుంటే చుట్టూ సందు మిగిలి అక్కడ కూడా ట్యూబు పొంగుతుంది, చిన్న రబ్బరు బుష్ వేయాలి. ట్యూబుకి కాస్త గాలి పట్టించి గుండ్రంగా అయ్యాకే లోపల పెట్టండి, వాల్వుని ఒకసారి పైకి నెట్టి వదలండి, 30 దాకా కొట్టి టైరు అంచు రెండు పక్కలా సమానంగా ఉందో చూశాక మిగతాది కొట్టండి.

ముందు చక్రం కూడా విప్పండి. నాది ఒక్కసారీ పంక్చర్ కాలేదు గానీ విప్పితే అదే రబ్బరు పట్టీ, ట్యూబు మీద అచ్చులు అప్పటికే పడి ఉన్నాయి. రెండు చక్రాలకీ రెండు మీటర్ల రోల్ ఒక్కోటి పట్టింది.